కుసుం కొమ్మ మీద తెల్లనూలు

పామేడు దాకా సడక్ పడిందని, చర్ల నుంచి జీపులు నడుస్తున్నాయని తెలిసిన వారానికే దుర్గమ్మ బయల్దేరింది. ఆమె ఆ పక్కనున్న తన ఊరు విడిచి ఇరవై ఏళ్లు దాటింది. గొడవల్లో ఊరంతా చెల్లాచెదురైనప్పుడు తండ్రి రామయ్య, అప్పటికే బిడ్డ తల్లైన దుర్గమ్మతో సహా ఇంటిల్లిపాదినీ తీసుకుని గోదావరి వైపు మిరపతోటల్లో కూలికి పోయాడు. మళ్లీ ఇటు తొంగిచూడకుండానే కన్నుమూశాడు. ఊరు అనగానే దుర్గమ్మకు గుర్తొచ్చేది గంగే అనే చిన్ననాటి స్నేహితురాలు. ఆ తర్వాత గంగే వాళ్లు లక్క పండించే కుసుం చెట్టు.

వెళ్లేసరికి గంగే వాకిట్లో కూర్చుని లక్క పుల్లలను చిన్న చిన్న కట్టలుగా నారతో కడుతోంది.

"ఎవలూ?" అంది తలెత్తకుండానే.

"నేనే, దుర్గను."

గంగే చాలాసేపు చూసింది. "ముసలిదానివైనవేందే!" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే గంగే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గంగే వాళ్లు దొర్ల ఆదివాసులు. ఆమె తండ్రి పొజ్జా ఏటా ఆ చెట్టు మీద లక్క పండించేవాడు. ఊరు ఖాళీ అయిన ఏళ్లలో కోసేవాళ్లు, కట్టేవాళ్లు లేక లక్క పురుగు అంతరించిపోయింది. పొజ్జా కూడా లేడు. ఇప్పుడు గంగే అంగడిలో విత్తన లక్క, అంటే పురుగు బతికున్న పుల్లలు, తెచ్చి మళ్లీ మొదలుపెడుతోంది.

"మోకాలు పట్టేసింది. చెట్టెక్కలేను. నువ్వెక్కుతవా?" అంది.

కుసుం చెట్టు అప్పుడే ఎర్రగా చిగురిస్తోంది. దుర్గమ్మ చీర బిగించి ఎక్కింది. కాళ్లకు దారి ఇంకా గుర్తుంది. లేత కొమ్మలు ఏరి కట్టలు కట్టింది. ఆమె గంగే దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్లకు పుల్లల్లోంచి పిల్ల పురుగులు బయటికొచ్చాయి. ఎర్రటి దుమ్ము పాకుతున్నట్టు కొమ్మల వెంట నడిచి, నచ్చినచోట మూతి గుచ్చి ఆగిపోయాయి. అక్కడి నుంచి ఆడ పురుగు ఇక కదలదు. చెట్టు రసం తాగుతూ, చుట్టూ లక్క కారుస్తూ, ఆ గూటిలోనే కుబుసం విడుస్తూ పెరుగుతుంది.

ఓ పొద్దున కొమ్మలు తెల్లబడ్డాయి. దూది ఏకి అంటించినట్టు సన్నని మైనపు పోగులు. దుర్గమ్మ కొమ్మ మీదే కూర్చుండిపోయింది. పొజ్జా ఇద్దరు పిల్లలనూ చెరో భుజం మీద ఎక్కించుకుని ఈ తెలుపే చూపించేవాడు.

"ఊదకుండ్రి బిడ్డా! పురుగు ఇల్లు కట్టుకుని లోపల్నే కూసున్నది. ఈ తెల్లనూలు లేకపోతే లక్క కారి ఊపిరిదారి మూసుకుపోతది," అనేవాడు.

వాళ్లు మాట వినేవాళ్లు కాదు. ఆయన తల అటు తిప్పగానే ఉఫ్‌మని ఊదేవాళ్లు. పోగులు ఎగిరి గంగే జుట్టులో చిక్కుకుంటే, నీకు తల నెరిసిందని దుర్గమ్మ ఏడిపించేది.

ఇప్పుడు కింద నిలబడ్డ గంగే తల నిజంగానే నెరిసింది.

ఇప్పపువ్వు రాలే రోజులొచ్చాయి. ఓ మధ్యాహ్నం పక్కింటి ముకేష్ పువ్వు ఏరడానికి వీలుగా తన ఇప్పచెట్టు కింద ఆకులకు నిప్పంటించాడు. గాలి తిరిగింది. ఎండుటాకుల మీదుగా మంట కుసుం చెట్టు వైపు పరుగెత్తింది. గంగే కేక విని దుర్గమ్మ పచ్చి మండలు విరుచుకుని ఉరికింది. ముగ్గురూ దగ్గుతూ, కళ్లు మండుతుంటే మంటను బాదారు. అది చెట్టు మొదలును చేరకుండానే ఆరింది కానీ, పొగ మాత్రం కొమ్మలన్నిటినీ చుట్టేసింది.

"గాలి ఇటు తిరుగుతదనుకోలేదక్కా," అన్నాడు ముకేష్ తలొంచుకుని.

గంగే మసి పట్టిన కొమ్మలను చూస్తూ నేల మీద కూలబడింది.

"మా నాయిన ఉంటే ఈ పురుగును బతికిస్తుండె," అంది.

దుర్గమ్మ చెట్టెక్కి, మసి పట్టిన పోగులను వేలితో మెల్లగా తుడిచేసింది. బతికుంటే పురుగు మళ్లీ నూలు తీస్తుందని ఆమెకు ఆశ. మర్నాడు చూస్తే ఏమీ లేదు. ఆ తర్వాతి రోజూ అంతే. గంగే అన్నం కూడా సరిగా తినలేదు. దుర్గమ్మ మాత్రం పొద్దున లేవగానే చెట్టు దగ్గరికి పోయేది.

కింది కొమ్మల్లో ఓ గూడును గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఇంకోటీ అంతే. పైకి పోయింది. చిటారు కొమ్మ దగ్గర ఆగి కళ్లు చికిలించింది. నల్లటి గూళ్ల మీద వెంట్రుక కన్నా సన్నగా, కొత్తగా, తెల్లగా.

"గంగే! పైన బతికే ఉన్నయే!"

"నిజంగనా?"

"ఒట్టు!"

"ఆగు, నేనొస్తున్న."

"మోకాలే!"

గంగే వినలేదు. కొమ్మకొమ్మకూ ఆగి, మూలుగుతూ ఎక్కింది. దుర్గమ్మ చేయి అందించి పక్కన కూర్చోబెట్టుకుంది. గంగే ఊపిరి బిగబట్టి ఆ పోగులను చూసింది. కాసేపటికి ఇద్దరూ పొజ్జా గురించి, రామయ్య గురించి, ఊళ్లో అప్పుడు ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎండ నెత్తికెక్కినా దిగలేదు.

దుర్గమ్మ నడుముకు దోపుకున్న ఫోను మోగింది. కూతురు వినీత.

"ఇంకెప్పుడొస్తవమ్మా?"

"వానలు పడనియ్యి బిడ్డా. విత్తనం కోసి, వేరే చెట్టుకు కట్టి వస్త."

"గంగత్త బాగున్నదా?"

"ఇగో, చెట్టెక్కి కూసున్నది. మాట్లాడు," అని ఫోను గంగే చెవికి ఆనించింది.