ఎముక లేని పుంజు

పెరట్లో వేణ్ణీళ్ళ బకెట్టు పక్కన కూర్చుని కాసులమ్మ ఇంకా ఈకలు పీకుతూనే ఉంది. అంతలోనే పుంజు కాళ్ళ కోసం ఇంట్లో తగువు మొదలైంది.

“పోయినేడు మా ఆయనకి మెడ ఏసినారు. ఇంటల్లుడికి మెడేటి? ఈపాలి కాలు ఆయనకే,” అంది కూతురు చిన్నమ్మి.

“పుంజుని కొన్నది నాను. పొలసర సంత నుంచి బస్సులో ఒళ్ళో ఎట్టుకుని తెచ్చింది నాను. దారంతా నా సొక్కా మీద రెట్టేసింది,” అన్నాడు కొడుకు కూర్మారావు. “ఒక కాలు నాది, ఒకటి అయ్యది. బావకి రెక్క సాలు.”

“రెక్కుంటే ఎగిరి మా ఊరెల్లిపోతాను,” అన్నాడు ఇల్లరికం ఉన్న అల్లుడు దేముడు, నోట్లో పళ్ళపుల్ల తియ్యకుండానే.

కాసులమ్మ భర్త అసిరయ్య చుట్ట ఆర్పి, “రెండు కాళ్ళకి ముగ్గురు మొగోళ్ళం,” అని నిట్టూర్చాడు.

కార్తీకమంతా నీచు ముట్టని బరంపురం ఆ రోజు తెల్లారకుండానే లేచింది. పున్నమి మర్నాడు ఛాడఖాయి, నెల్లాళ్ళ నియమం విడిచే పండగ. వాళ్ళుండే అంకులి పేటలో ఏ పెరట్లో చూసినా పొగ. ఏ ఇంట్లో విన్నా మసాలా నూరే చప్పుడు. వీధిలో పిల్లలు ఊరికే గెంతుతున్నారు.

కాసులమ్మ తగువులో కలగజేసుకోలేదు. ఆమె మనసు శుక్రవారం విన్న మాట దగ్గరే ఉంది.

గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో, దొరలు వెళ్ళిపోయిన కొత్తల్లో ఆమె పనికి చేరింది. కోడిని ముక్కలు చేయకుండా, తోలు చిరగకుండా, లోపలి ఎముకలన్నీ తీసి, కూరి, కుట్టి వంటవాడికి అందించడం ఆమె పని. అందించాక చేతులు కడుక్కుని వచ్చేయాలి. నిప్పు వంటవాడిది. ఇప్పుడా ముసలి వంటవాడు కటకంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. “సోమవారం నుంచి వంట నువ్వే చేస్తావా? ఇక్కడే గది ఇస్తాం. పండగయ్యాక చెప్పు,” అన్నాడు మేనేజరు.

ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పుంజు సరిగ్గా కాలితే వెళుతుంది. మాడినా, తోలు పగిలినా, అసలు అలాంటి మాటే రానట్టు ఉండిపోతుంది. తనలో తాను అలా నిశ్చయించుకుంది.

పుంజుని పీట మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీదుగా మెడ నుంచి తోక దాకా ఒక్క గీత గీసింది. కత్తి పొట్టిది, అరిగి అరిగి చూపుడు వేలంత అయింది. దాని మొనను ఎముకకు ఆనించి, మాంసాన్ని గోకినట్టుగా విడదీస్తూ పోయింది. సన్నటి మనిషి. గోళ్ళు కండ దాకా కత్తిరించుకుంటుంది. బొటనవేళ్ళు మాత్రం వెడల్పుగా, వెనక్కి వంగి ఉంటాయి. తొడ కీలు దగ్గర కత్తి ఆపి చేత్తో విరిచింది. టక్కున చప్పుడైంది. రవిక చెయ్యి తిరగేసినట్టు తొడ మాంసాన్ని తిరగేసి ఎముకను బయటికి లాగింది. రొమ్ము ఎముక అంచున తోలుకి, ఎముకకి మధ్య మాంసమే ఉండదు. అక్కడ ఊపిరి బిగబట్టింది. అస్థిపంజరం మొత్తం ఊడి వచ్చింది.

“ఓలమ్మో! పుంజుకి సొక్కా ఇప్పేసింది మాయమ్మ!” అని చిన్నమ్మి కేకేసింది.

“ఎముకలు సారు కాసుకోడానికి ఎట్టు. అరవకు,” అంది కాసులమ్మ. ఆమెకీ నవ్వొచ్చింది.

కార్జం, ఉల్లిపాయలు, మిరియాలు కలిపి లోపల పరిచింది. ఉడికిన గుడ్లు వరసగా పేర్చి, తోలు దగ్గరికి లాగి నూలుదారంతో కుట్టేసింది. పైన పెరుగు, పసుపు, నూనె పట్టించింది. ఇంతవరకూ ఆమెకు కొట్టిన పిండే. ఇక మిగిలింది నిప్పు.

కుంపటి మీద ఇనప జాలీ పెట్టి పుంజుని పడుకోబెట్టగానే కొవ్వు కరిగి బొగ్గుల మీద పడింది. మంట భగ్గున లేచింది. ఒక పక్క నల్లబడింది.

“మాడిపోతందే! నీళ్ళు సల్లు!” అని అసిరయ్య చెంబు పట్టుకుని వచ్చాడు.

“సల్లితే బూడిదంతా దీని మీదే పడతాది. నువ్వు ఎనక్కుండు!”

కాసులమ్మ వంగి బొగ్గుల్లోకి చూసింది. కొవ్వు కిందికే పడుతుంది. మరి కింద నిప్పెందుకు? పట్టకారు తీసుకుని బొగ్గుల్ని రెండు పక్కలకీ తోసేసి మధ్య ఖాళీ చేసింది. మంట అణిగింది. పెద్ద మూకుడు తెచ్చి పైన బోర్లించింది. ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో కనిపించదు. చెవి దగ్గరగా పెట్టి విన్నది. మొదట చిటపటలు. చాలాసేపటికి అవి తగ్గి, సన్నగా, తేనెటీగల రొదలాంటి చప్పుడు నిలకడగా వినిపించింది. మూకుడెత్తింది. పుంజు ఎర్రటి రాగి చెంబులా మెరుస్తోంది. తోలు ఎక్కడా పగల్లేదు. మాడిన మచ్చ అరచేతిలో నాలుగో వంతైనా లేదు.

మగాళ్ళు ముగ్గురూ అడ్డాకు విస్తళ్ళ ముందు సిద్ధంగా ఉన్నారు. కాసులమ్మ పుంజుని తెచ్చి మధ్యలో పెట్టింది.

“కాళ్ళేవి అత్తా?” అన్నాడు దేముడు.

“నేవు.”

“రెక్కలో?”

“అవీ నేవు.”

రొట్టె కోసినట్టు అడ్డంగా కోసింది. ప్రతి ముక్కలోనూ మధ్యన పసుపు చక్రంలా గుడ్డు, చుట్టూ కార్జం, ఆపైన మాంసం. ఎవరిది పెద్దదో ఎవరూ చెప్పలేకపోయారు. కూర్మారావు తన ముక్కనీ బావ ముక్కనీ మార్చి మార్చి చూసి, ఊరుకుని తినడం మొదలెట్టాడు.

“నువ్వూ కూకోయే,” అని చిన్నమ్మి తల్లి చెయ్యి పట్టి లాగింది. అందరూ తిన్నాక మిగిలిన మెడతో అన్నం తినే మనిషి కాసులమ్మ. ఈ రోజు వాళ్ళ మధ్యనే కూర్చుని, అదే ముక్క, అంతే ముక్క తనకీ వడ్డించుకుంది.

“సోమవారం నుంచి నాను గోపాల్‌పూర్‌లోనే ఉంతాను,” అంది. “హోటల్లో వంట నాదే. గదిస్తారు. వారానికోపాలి వస్తాను.”

కూర్మారావు చెయ్యి ఆగిపోయింది. “మమ్మల్ని ఒక మాట అడగవేటమ్మా?”

“పుంజునడిగినాను.”

“మరి ఇక్కడ పొయ్యి?” అన్నాడు అసిరయ్య.

“నలుగురున్నారు కదా.”

అసిరయ్య పళ్ళెంలో మిగిలిన చివరి ముక్క, బాగా కరకరలాడేది, తీసి ఆమె విస్తట్లో వేశాడు. “అయితే గట్టిగా తిను. సముద్రం గాలికి ఆకలెక్కువ.”

ఆమె తిని, చెయ్యి కడుక్కోవడానికి నూతి వైపు వెళ్ళింది. అదిమి ఉంచడానికి ఒక్క ఎముకైనా లేని ఆమె విస్తరి, గాలికి అంచెత్తి, వాలి, మళ్ళీ అంచెత్తింది.