గట్టిగా కొట్టండి, అత్తయ్యా

సముద్రంలోంచి ఏ ఇనప ముక్క వచ్చినా మా అత్తగారికే చేరాలి. దాని ఒంటికి పట్టిన పెంకుల్ని సుత్తితో రాల్చి, వలకు బరువుగా కడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ నా చేతిలో పెట్టిన మొదటి వస్తువు గొలుసు. బంగారానిది కాదు, లంగరుది.

ఆ పొద్దున మా ఆయన పెరట్లో రెండు పొడుగాటి కడ్డీలు పడేశాడు. ఎప్పటివో సైన్యం తుపాకులట, పది దాకా వలకు చిక్కాయట, మిగతావి పడవ దగ్గరే ఉన్నాయట.

"చచ్చినవేలే. అమ్మకి పనికొస్తాయి," అని మళ్లీ పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. మా ఆయనే. గొంతు వేరుగా ఉంది.

"ఆ రెండూ ముట్టుకోకండి! ఇక్కడ పాత సైనికుడొకాయన ఒకటి విప్పి చూశాడు. లోపల తూటా ఉంది. ఇంకా పేలొచ్చట. అమ్మని అటు పోనివ్వకు!"

పెరట్లోంచి టంగ్, టంగ్.

గుమ్మం దాకా పరుగెత్తి ఆగిపోయాను. అత్తగారు పీట మీద కూర్చుని, తుపాకీని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. గొట్టం మూతి ఆవిడ గడ్డం కింద ఉంది. కింద, సరిగ్గా తూటా ఉండే చోట, సుత్తితో కొడుతోంది.

అరిస్తే ఉలిక్కిపడి చెయ్యి జారుస్తుంది. వెళ్లి లాక్కుందామంటే కాళ్లు గడప దాటవు. వద్దంటే ఇంకా గట్టిగా కొడుతుంది. పన్నెండేళ్లుగా నేను వద్దన్న ప్రతి పనీ ఆవిడ రెండేసి సార్లు చేసింది.

టంగ్. పెంకొకటి ఎగిరొచ్చి నా పాదం మీద పడింది.

"అత్తయ్యా, అలా తడితే ఏం ఊడుతుంది? గట్టిగా కొట్టండి!"

ఆ మాటతోపాటే నా ప్రాణమూ బయటికి పోయింది. జీవితంలో మొదటిసారి నా మాట వింటే?

సుత్తి పైకి లేచింది. అక్కడే ఆగింది.

"నువ్వా నాకు నేర్పేది? మీ పుట్టింట్లో ఇనుమంటే గరిటేగా! నానకుండా బాదితే పెంకు విరుగుతుందే గానీ ఊడదు."

"నానబెట్టడమెందుకండీ, కానిచ్చెయ్యండి."

"నోర్ముయ్."

లేచి, తుపాకీని నీళ్లతొట్టిలోకి దించింది. ఠక్కుమంది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఏమీ కాలేదు. అప్పుడు కదిలాయి నా కాళ్లు. ఆవిడ రెక్క పట్టుకుని వీధి చివరిదాకా ఈడ్చుకుపోయాను. దారంతా నన్ను తిట్టింది. ఆ తిట్లంత తియ్యగా నాకెప్పుడూ ఏదీ వినిపించలేదు.

మధ్యాహ్నం పోలీసులు పంపిన మనిషి వచ్చి చూసి, ఆవిడ కొట్టినదాంట్లోనే తూటా ఉందన్నాడు. అత్తగారు మొహం తుడుచుకుంది.

"మరి గట్టిగా కొట్టమన్నావేమే?"

"మీరు కొట్టరని."

అప్పటినుంచి నేనేం చెప్పినా, ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూస్తోంది. ఆ కిటుకు ఇక పనిచెయ్యదు.

సుత్తి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. మా ఆయన వల ఇంకా ఆ సముద్రంలోనే పడుతోంది.