మా ఆయన విప్పే బిరడా

అలబామాలో చలికాలమంటే చొక్కా మీద ఇంకో చొక్కా, అంతే. డిసెంబరు మధ్యాహ్నం కూడా మా ఆయన వెర్లన్ ఫ్యాను వేసుకుంటాడు. కానీ ఏడాదికి ఒకటి రెండు రాత్రులు ఉత్తరం నుంచి చలి ఊడిపడుతుంది. పడవ ఇంజను చల్లబడ్డానికి సరస్సులోంచి పీల్చుకున్న నీళ్లు లోపల మిగిలితే, అవి గడ్డకట్టి ఇనుమును చీల్చేయడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

అందుకే మా ఆయన ఏటా పెరట్లో ట్రైలరు మీదున్న పడవెక్కి, ఇంజను అడుగున బిరడా విప్పుతాడు. ఒక్క చుక్క రాదు. "చూశావా, ఎండిపోయింది" అంటూ బిరడా జేబులో వేసుకుని కాఫీకి వస్తాడు. నిజానికి సరస్సు బురద చేరి ఆ రంధ్రం పూడిపోతుంది, నీళ్లు లోపలే ఉంటాయి. మా నాన్న పడవలు బాగుచేసేవాడు కనక నాకు తెలుసు. మొదటి ఏడాది చెప్పబోతే "ఇంజన్ల సంగతి నాకు నేర్పుతావా?" అన్నాడు. సరే మహానుభావా అనుకుని, ఆయన టీవీ ముందు కూర్చున్నాక నేనే వెళ్లి తీగముక్కతో పొడిచాను. బొళబొళా నీళ్లు. అప్పట్నుంచీ ఏటా అదే పని. మర్నాడు పడవ కింద తడి చూసి "మంచు బాగా కురిసిందే" అంటాడు పాపం.

ఈ ఏడాది పెకాన్ చెట్టు కింద రాలిన కాయలు ఏరబోయి జారిపడ్డాను. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. ఇంక పడవెక్కడం ఎక్కడ? రేడియోలోనేమో ఈ రాత్రే గడ్డకట్టే చలి అన్నారు. పనిచేసే మిల్లు మూతపడ్డాక మా ఆయనకు మిగిలిన గొప్పల్లా ఈ ఇంజనే. చెబితే గొప్ప పోతుంది, చెప్పకపోతే ఇంజనే పోతుంది.

మూడు గంటలకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది. పైన మీ అమ్మ బొంత కూడా కప్పేశా."

"కప్పితే వెచ్చబడ్డానికి అదేమైనా మనిషా? ఆ తీగముక్క తీసుకెళ్లి రంధ్రంలో పొడువు, వెర్లన్."

"ఎందుకూ? పదకొండేళ్లలో ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

"కాలేదు. ఏటా నేను పొడుస్తున్నా గనక."

"పడ్డప్పుడు బుర్రక్కూడా తగిలిందని డాక్టరుకి చెప్పావా, ఇర్లీన్?" అని నవ్వుకుంటూ తీగ పట్టుకుని వెళ్లాడు.

కిటికీలోంచి చూస్తున్నాను. వంగాడు, పొడిచాడు, ఒక్కసారిగా వెనక్కి గెంతాడు. ప్యాంటు ముందంతా బురదనీళ్లు. ఆఖరి చుక్క కారేదాకా అలా నిలబడే ఉన్నాడు. లోపలికి రాగానే ఒక మాట అందామని సిద్ధం చేసుకున్నాను గానీ, ఆ మొహం చూశాక ఎడంచేత్తో తువ్వాలు అందించాను. జాలేసింది.

ఆయన కూర్చోలేదు. తిన్నగా ఫోను దగ్గరికి వెళ్లాడు. పక్కింటి హోయ్ట్ కొత్తగా పడవ కొంటే, పోయిన వారం ఈయనే వెళ్లి, ఈయన పద్ధతిలోనే ఇంజను "ఎండబెట్టి" వచ్చాడు.

"హోయ్ట్, నీ ఇంజనులో నీళ్లున్నాయి. పొద్దుగూకేలోగా ఆ రంధ్రంలో తీగ పెట్టి పొడువు. నేను చెప్పింది తప్పు."

అవతల నవ్వు నాక్కూడా వినిపించింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఫోను పెట్టలేదు.

"లేదు, నాకూ ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ ఆ ఇంజన్ని కాపాడింది మా ఇర్లీన్. నేను బిరడా విప్పేవాణ్ణి, అంతే."