శత్రువు కాగితం మింగిన చిట్టెలుక

ఆ ఉదయం విమానం మళ్లీ వచ్చింది. బాంబులు కాదు, కాగితాలు రాల్చి పోయింది. మా మేడమీద, ఆరేసిన బట్టలమీద ఎక్కడ చూసినా అవే. "శత్రువు కాగితాలకు విషం పూశాడు! ముట్టుకుంటే చావు, చదివితే జైలు!" అని వీధి మైకు వారంనుంచీ గొంతు చించుకుంటోంది. నేను పటకారుతో ఏరి బకెట్లో వేస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి నా పది నెలల కూతురు, మా చిట్టెలుక, ఒక కాగితం నములుతోంది!

నోట్లో వేలు పెట్టి చూశాను. అప్పటికే మింగేసింది. పైగా నవ్వొకటి!

"అత్తయ్యా! పిల్ల విషం తినేసింది!"

ఏ విషమో డాక్టరమ్మకి తెలియాలి కదా అని, మిగిలిన ముక్క కూడా పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను. "ఆగవే తల్లీ!" అంటూ వెనకాలే అత్తయ్య.

ఆసుపత్రి వరండా కిటకిటలాడుతోంది. నా అరుపుకి అందరూ ఒక్కసారిగా దారిచ్చారు. డాక్టరమ్మ పిల్ల నాలుక చూసింది, పొట్ట నొక్కింది. పిల్ల ఆవిడ కళ్లజోడు లాగింది.

"గుండ్రాయిలా ఉంది. ఏం కాలేదు."

"మెల్లిగా ఎక్కే విషమేమో అమ్మా!"

అత్తయ్య ఆయాసపడుతూ వచ్చింది. "విషమూ లేదు, వల్లకాడూ లేదు. వారంనుంచీ వాటితోనే పొయ్యి రాజేస్తున్నా. పొద్దున నువ్వు తాగిన టీ కూడా!"

"అత్తయ్యా!"

"అరవకు. బతికే ఉన్నావుగా."

వరండా అంతా గొల్లున నవ్వింది. "నేను డబ్బాల అడుగున పరిచా," అంది రొట్టెల కొట్టావిడ. ఏం రాసుందో మాత్రం ఎవరూ చూడలేదట. జైలు భయం!

నా చదువు ఏడో తరగతితో సరి. అయినా చేతిలో ఉన్న ముక్కని కూడబలుక్కుని పైకే చదివాను: "ఈ పేట పక్కనున్న రైలు షెడ్డు మీద బాంబులు వేస్తాం. ప్రజలు దూరంగా పోవాలి. వేసే రోజు..."

ఆ రోజేదో చిట్టెలుక పొట్టలో ఉంది.

"మొత్తం కాగితం ఎవరి దగ్గరైనా ఉందా?"

అందరూ గుమ్మంవైపు చూశారు. కాగితాలు దాచినవాళ్లను పట్టుకునే కాపలా బాబాయి అక్కడే నిలబడి ఉన్నాడు.

అయినా నేను ఆగలేదు. "నన్ను పట్టుకుంటే పట్టుకోండి బాబాయిగారూ! నా పిల్లని ఏ రోజులోగా ఎత్తుకుపోవాలో అది చెప్పండి చాలు!"

ఆయన టోపీ తీశాడు. లోపలినుంచి మడత కాగితం బయటికొచ్చింది.

"గురువారం," అన్నాడు తల వంచుకుని. "అంటే రేపే. మా ఆవిడని నిన్ననే పుట్టింటికి పంపేశా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! మేం మనుషులం కామట్రా?" అంది అత్తయ్య.

మిగతాది వినలేదు. పిల్లను చంకనేసుకుని వీధిలో పడ్డాను. "గురువారమంట! రేపేనంట! లేవండి, కదలండి!" అని గుమ్మం గుమ్మానా అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. మైకు ఏదో మొత్తుకుంటోంది, విన్నవాళ్లే లేరు.

పొద్దు వాలకముందే చిట్టెలుక పొలిమేర దాటింది. మా వెనక వీధి వీధంతా మూటలతో నడిచింది.