దిగితే వెలిగే లైట్లు

ఆమె భర్త గుండె ఆగి పోయిన రోజున బండి ఇంట్లో లేదు. ముందువైపు బిగించిన అదనపు లైట్లు రెండూ ఉన్నట్టుండి ఆరిపోతున్నాయని, ముందురోజే మెకానిక్ దగ్గర వదిలి వచ్చాడు. మెకానిక్‌కు ఎప్పటిలాగే ఏ లోపమూ దొరకలేదు. ఆ మాట చెప్పి బండి అప్పగిద్దామని వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. తాళంచెవి ఎవరి చేతికివ్వాలో తెలియక జేబులోనే ఉంచుకుని ఓ పక్కన నిలబడిపోయాడు.

ఆ లైట్లు భర్త తన చేత్తో బిగించుకున్నవి. బండితో వచ్చినది గుడ్డిదీపమని, కాలువ గట్టు మీద మలుపులు కనపడవని కొన్నాడు. పగలు పనికి ఒక్కడే వెళ్లేవాడు. సాయంత్రం ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణానికి వచ్చి, ఎక్కించుకుని, చీకట్లో ఆ దారినే ఇల్లు చేరేవాడు. లైట్లు పోయేది అక్కడే. విసుక్కుంటూ ఆపేవాడు. ఆమె దిగి ముందుకెళ్లి చూస్తే రెండూ నిక్షేపంలా వెలుగుతుండేవి.

"నువ్వంటే దీనికి భయం," అనేవాడు.

"మీకు లేని భయం దానికైనా ఉంది, సంతోషం," అనేది ఆమె.

ఇప్పుడు ఆ బండి మరిది అడిగాడు. అతని భార్యకు ఆసుపత్రిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. రాత్రిపూట తీసుకురావాలంటే అదే దారి. ఇవ్వడానికి ఆమెకు అభ్యంతరం లేదు. కానీ మలుపులో లైట్లు ఆరితే బండి సరాసరి కాలువలోకే. తోడికోడలిని దాని వెనక కూర్చోబెట్టి పంపడానికి మనసొప్పలేదు.

"ఆ జబ్బేంటో తేలాకే తాళం ఇస్తాను," అంది.

ముగ్గురూ షెడ్డులో చేరారు. మెకానిక్ సీటు ఊడదీసి పక్కన పెట్టాడు. అతను ఏ బండికైనా మొదట చేసే పని అదే. వైర్లు ఒక్కొక్కటే కదిపాడు, లాగాడు, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు. లైట్లు ఆరలేదు. సీటు బిగించాక మరిది వీధి చివరిదాకా గుంతల మీదుగా తిప్పి తెచ్చాడు. అప్పుడూ అంతే.

"అన్నయ్య ఊరికే బెంగపడేవాడేమో వదినా."

"లేనివి ఊహించుకునేంత తీరిక మీ అన్నయ్యకెక్కడిది?"

"పోనీ, వైర్లన్నీ పీకి కొత్తవి లాగేస్తానమ్మా," అన్నాడు మెకానిక్.

"ఎక్కడ పోయిందో తెలియకుండా మారిస్తే బాగైందని ఎలా నమ్మాలి?" అని, లైట్ల వైపు చూసి, "నేను దిగితే వెలిగేవి," అంది. "ఎప్పుడూ దిగే చూశాను. కూర్చుంటే ఆయన భుజాలు అడ్డం."

మెకానిక్ స్పానర్ కింద పెట్టాడు. మరిదిని ముందు కూర్చోబెట్టి, తాను వెనక ఎక్కాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"నువ్వెక్కినట్టు సీటుకే తెలిసుండదు. కాస్త తినవయ్యా," అన్నాడు మరిది.

"నేనలా అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేదాన్ని కాదు," అంది ఆమె.

మెకానిక్ దిగాక వచ్చి, రెండు కాళ్లూ ఎడమవైపుకే వేసి, రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. చెయ్యి మరిది భుజం మీదికి లేవబోయి, కిందికి దిగి సీటు అంచు పట్టుకుంది. ఎదురుగా షెడ్డు గోడ మీది వెలుగు పోయింది. దిగింది. వెలుగు వచ్చింది. మళ్లీ కూర్చుంది. పోయింది.

సీటు ఎడమ అంచు కింద, ఫ్రేము పైపు మీదుగా పోయిన వైరును మెకానిక్ కోసి చూపించాడు. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి తెగింది. సీటు నొక్కితే కొనలు విడిపోతాయి, వదిలితే కలుస్తాయి.

"సీటుతోపాటు జబ్బునీ తీసి పక్కన పెట్టి, ఇన్నాళ్లూ మిగతాదంతా వెతికాను," అని తల గోక్కున్నాడు.

రోజూ ఆ దారిలో లైట్లను ఆర్పింది తన బరువేనన్నమాట. ఈ సంగతి చెప్పి తనను ఏడిపించాల్సిన మనిషి లేడు.

కొత్త వైరును సీటు తగలని చోటునుంచి లాగారు. ఆమె మళ్లీ కూర్చుని చూసింది. గోడ మీది వెలుగు నిలిచింది. తాళంచెవి మరిది చేతిలో పెట్టింది.

"మీ ఆవిడ ఎలా కూర్చుంటుంది?"

"నీలాగే, పక్కకి."

"అయితే ముందు ఆ దారిలో నెమ్మదిగా నడిపి చూడు. ఒక్కడివే వెళితే తెలియదు."

"నువ్వే రా వదినా, ఈ సాయంత్రమే చూసొద్దాం."

"ఇవాళ వద్దు," అంది ఆమె.

కాలువ గట్టు మీద, చీకట్లో, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపి చూడటం ఇంకా మిగిలే ఉంది.