దారినపోయేవాడి ముక్క

జనవరి ఆరో తారీఖున, రాజుల పండగ నాడు, ఓజెమీ వంటింట్లోకి ఈగ దూరడానికి కూడా వీల్లేదు. తెల్లారగానే చికోరీ కాఫీ తాగి, చొక్కా చేతులు పైకి మడుచుకుని దిగుతుంది. పిండి మీద వెన్న, వెన్న మీద మడత, మళ్ళీ వెన్న, మళ్ళీ మడత. మధ్యలో బాదం ముద్ద, అందులో ఒకే ఒక్క చిక్కుడు గింజ. న్యూ ఆర్లియన్స్ దుకాణాల్లో రంగుల పంచదార చల్లిన రాజుగారి కేకులు బోలెడు దొరుకుతాయి. "అవీ కేకులేనా, ఆటబొమ్మలు!" అని మూతి తిప్పుతుంది. ఆవిడది ముత్తవ్వ ఫ్రాన్సు నుంచి పట్టుకొచ్చిన పద్ధతి.

గింజ ఎవరి ముక్కలో వస్తే ఆ రోజుకి వాళ్ళే రాజు. వీధిదీపాలు వెలిగేదాకా రాజుగారి మాట ఒక్కటి ఊరు వింటుంది. మనుషులు కాదు సుమా, ఊరు. ఓ ఏడాది పక్కింటి జెర్వే రాజై, "చాల్లే ఈ వాన" అన్నాడు. టక్కున ఆగింది. జనం గొడుగులు మడిచి ఇళ్ళకి పోయారు, అంతే.

ఈసారి ఓజెమీ దొంగపని చేసింది. గింజ ఉన్నచోట, పైపిండి మీద గోటితో చిన్న ఆకు గీసింది. ఆ ముక్క తెయోఫిల్‌కి పడాలి. తెయోఫిల్ ఫెర్రీ నడిపి నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి చాన్నాళ్ళయింది. హ్యూస్టన్‌లో కూతురు రమ్మంటే ఈ సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ రొట్టె కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి, ఎండావానల సంగతి మాట్లాడి పోయే మనిషి. ఓజెమీకీ "వెళ్ళకు" అన్న మాట గొంతు దాటదు. రాజైనవాడు రాణిని ఎంచుకోవాలి కదా, అప్పుడైనా తనని ఎంచుకోడా అని ఆశ.

మధ్యాహ్నం తెయోఫిల్‌తో సహా ఇరుగుపొరుగు అందరూ బల్ల చుట్టూ చేరారు. జెర్వే కూతురు సెలీ అందర్లోకీ చిన్నది కాబట్టి బల్లకింద దూరింది. పైన ఓజెమీ ముక్క పట్టుకుని అడిగితే, కింద అది పేరు చెప్పాలి. సెలీకి కెప్టెన్ తాతంటే, అదే తెయోఫిల్ అంటే, ప్రాణం. ఏటా మొదటి పేరు ఆయనదే. ఓజెమీ ఆకు గీసిన ముక్క ఎత్తి, "ఇదెవరికే?" అంది.

"దారినపోయేవాడికి!"

ఓజెమీ బల్లకిందకి వంగి చూసింది. పిలవకుండా వచ్చేవాడి కోసం ఒక ముక్క విడిగా ఉంచడం ఆనవాయితీ. "అదేంటే, కెప్టెన్ తాతకి కదా!"

"ఊరొదిలి పోతున్నాడుగా. ఆయనకి ఆఖర్న!"

"పిల్ల నోటి మాటకి తిరుగులేదు ఓజెమీ అత్తా," అన్నాడు జెర్వే, తన పళ్ళెం ముందుకు తోస్తూ.

ఇంతలో తలుపు చప్పుడైంది. తెయోఫిల్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళాల్సిన టాక్సీ డ్రైవరు. సేకూ అని, ఈ ఊరికి కొత్త.

"సామాను ఏదండీ?"

"సామాను తర్వాత. ముందు కూర్చో, నీ ముక్క ఉంది," అన్నాడు జెర్వే.

"నాకా?" అంటూనే బల్లకింద పిల్లని చూసి సంతోషంతో కేకేశాడు. "ఓరి దేవుడోయ్! పారిస్‌లో మా ఇంట్లో బల్లకింద దూరేవాణ్ణి నేనే! ఫ్రెంచి ఊరు, ఫ్రెంచి ఊరు అంటే ఎగేసుకుని వచ్చానమ్మా. వీధుల పేర్లు తప్ప ఏముందిక్కడ అని రోజూ తిట్టుకుంటున్నాను. ఇదుగో, ఆ ఫ్రెంచి ఊరు మీ ఇంట్లో దాక్కుందా!"

రెండో కాటుకి గింజ సేకూ పంటికి తగిలింది. కాగితం కిరీటం పెట్టారు. గ్లాసు ఎత్తగానే "రాజు తాగుతున్నాడు!" అని అందరూ గోలగోలగా అరిచారు. రాణి ఎవరంటే సేకూ సెలీని చూపించాడు. ఓజెమీకి ఆ ఆశా పోయింది.

"ఊరికి ఏం చెప్తావు రాజా?" అని అందరూ అడిగారు.

"నేను ఈ ముక్క తినేదాకా ఏ బండీ కదలకూడదు!" అన్నాడు సేకూ నోటినిండా కేకుతో.

వీధిలో ట్రాము గంట సగంలో ఆగింది. ఫెర్రీ నది మధ్య నిలిచింది. స్టేషన్ వైపు రైలు కూత తెగిపోయింది. "మంచిది, కాఫీకి టైముంది," అన్నాడు జెర్వే.

సేకూ కొరుక్కుతింటూ వాళ్ళమ్మ గురించి, మెట్ల మీద రొట్టెల వాసన గురించి చెప్తూనే ఉన్నాడు. పళ్ళెంలో ఇక ఒక్క ముద్దే మిగిలింది. తెయోఫిల్ లేచి పెట్టె అందుకున్నాడు. సేకూ ఆ ముద్ద ఎత్తాడు.

"తినకు!" ఓజెమీ పళ్ళేన్నీ ముద్దనీ ఒక్క ఊపున లాగేసుకుంది.

అందరూ బిత్తరపోయారు. "ఏమైంది ఓజెమీ?" అన్నాడు తెయోఫిల్.

"తినొద్దన్నది అతన్ని. వెళ్ళొద్దంటున్నది నిన్ను. నువ్వు లేకపోతే నాకు పొద్దు గడవదయ్యా!"

తెయోఫిల్ పెట్టె కింద పెట్టాడు. ఆవిడ చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు. కుర్చీ ఎక్కి, అల్మరా పైన, ఎవరి చేతికీ అందనంత లోపలికి నెట్టాడు. సేకూ కిరీటం తీసి ఆయన నెత్తిన పెట్టాడు.

వీధిదీపాలు వెలిగాయి. ట్రాము గంట మిగతా సగం మోగింది. దూరంగా రైలు కూసి వెళ్ళిపోయింది. తెయోఫిల్ అప్పటికి బూట్లు విప్పి, బల్ల దగ్గర మూడో కప్పు కాఫీ తాగుతున్నాడు. ఎండావానల ఊసే ఎత్తలేదు.