గొడుగు గుడ్డ కాకి

మా ఆయన పనిచేసే చోట ఎగిరే యంత్రం ఒకటి తయారుచేయమన్నారు. అది కాకిలా రెక్కలు ఆడిస్తూ ఎగరాలి. రెక్కలు కుట్టింది నేనే, పాత గొడుగు గుడ్డతో. తేలిక, గాలి దూరదు. నల్లగా ఉందన్న సంగతి ఇద్దరమూ పట్టించుకోలేదు.

మొదటిసారి అది మా మేడ మీంచి ఎగిరి, ఎదురింటి గోడకు తగిలి వీధిలో పడింది. ఆయన పరుగున దిగి, ఒక రెక్క పట్టుకుని వేలాడదీసుకుంటూ తెచ్చారు. తీగల మీది కాకులన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. తమ వాణ్ణి చంపిన మనిషని ఆయన మొహం గుర్తుపెట్టుకున్నాయి.

అప్పట్నుంచీ ఆయన గుమ్మం దాటితే చాలు, నెత్తిన పొడుస్తున్నాయి. టోపీ పెట్టుకున్నారు. గుడ్డకు తెల్లరంగు వేశాం. లాభం లేకపోయింది. వాటి పగ యంత్రం మీద కాదు, ఆయన మీద.

"అన్నయ్యగారు బయల్దేరారని వీధంతా తెలుస్తోంది వదినా, మేళతాళాలతో!" అంది పక్కింటావిడ.

"నవ్వకమ్మా తల్లీ. రేపు పైవాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఎగరకపోతే ఈ పని ఆపేస్తారట."

ఆఫీసు మా వీధి చివరే. కాకులూ అవే. మర్నాడు ఆఫీసు వెనక మైదానంలో ఆయన కారు అద్దాలెత్తుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. యంత్రాన్ని ఎగరేయడం నా వంతు.

"ఆయన దిగరా అమ్మా?" అడిగారు పెద్దాఫీసరు.

"కాకులండీ," అన్నాను. ఇంకేం చెప్పను?

విసిరాను. టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచింది. కుట్టు దగ్గర ఒక్క ముడత లేదు. కానీ కారు కప్పు దాటాక ఆయనకు కనిపించలేదు.

"ఎటుపోయిందే? కుడికా, ఎడమకా?"

"మీ కుడికా, నా కుడికా?"

ఆగలేక తలుపు తీసుకుని దిగిపోయారు. అంతే, కాకులు ఒక్కుమ్మడిగా వచ్చి పడ్డాయి. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. రిమోట్ గడ్డిలో పడింది. పరుగెత్తి తీశాను. రెక్క ఎక్కడ మడవాలో నాకు తెలుసు గానీ, ఏ మీట దేనికో తెలియదు.

యంత్రం గోడ దాటింది. మిద్దెలు దాటింది.

"బాగా ఎగురుతోందమ్మా," అన్నారు ఆఫీసరు, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని. "మరి వెనక్కెలా వస్తుంది?"

మా ఆయన మోకాళ్ల మీద కూలబడి తల దాచుకుంటున్నారు. ఆయనకు అడ్డం నిలబడనా, దాని వెంట పరిగెత్తనా? ఏదీ చేయలేక, రిమోట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.